సిస్టమ్ తుడిచే ముందు ఒక్క మాట అడగండి: డేటా వైపింగ్, డిజిటల్ ఆధారాలు పోకుండా భద్రంగా దాచడం మీద పూర్తి గైడ్

నాకు ఒడిశాలోని పర్లాకిమిడిలో కంప్యూటర్ సర్వీస్ షాపు ఉంది. ఫార్మాట్లు, ప్రింటర్లు, లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీ పెట్టడం, సీసీ కెమెరాలు బిగించడం, ఇదే పని. నాలుగడుగులేస్తే పాతపట్నం, అంటే ఆంధ్రా, కాబట్టి కస్టమర్లలో సగం మంది అటువాళ్ళే, పలాస జీడిపప్పు వ్యాపారులు కూడా వస్తుంటారు. ఈ గైడ్ రాయడానికి కారణం నేను చేసిన ఒక పని, అది చెప్పాకే మిగతాది చెప్తాను.

ఒకరోజు సాయంత్రం బాగా తెలిసిన పెద్దాయన సీపీయూ ఆటోలో వేసుకొచ్చారు. బావమరిదితో కలిసి వాటా వ్యాపారం ఆయనది. "బాబూ, ఇది అమ్మేస్తన్నాను, లోపల ఏటీ మిగలకూడదు, మళ్ళీ ఎవడూ తియ్యలేనట్టు తుడిచీ" అన్నారు. "అలాగే మావయ్యా, పొద్దుటికి ఇచ్చేస్తాను" అన్నాను. రాత్రంతా మూడు పాస్‌ల వైపింగ్, అంటే ఉన్నదాని మీద మూడుసార్లు రాసి చెరిపేది, పెట్టాను, పొద్దున్నే చూస్తే డిస్క్ మొత్తం సున్నాలు. రిజిస్టర్‌లో "సీపీయూ 1, ఫార్మాట్, 500" అని రాసుకున్నాను, అంతే.

రెండున్నర నెలల తర్వాత ఆ బావమరిది వచ్చాడు, చేతిలో లాయర్ నోటీసు కాపీ. వాటా లెక్కలు చూపించమని పంపిన నోటీసు అది. దాని మీద తేదీ, నా రిజిస్టర్‌లో తేదీ పక్కపక్కన పెట్టి చూశాం, నోటీసు తొమ్మిది రోజులు ముందుంది. అంటే పెద్దాయనకి నోటీసు అందాకే ఆ సీపీయూ నా దగ్గరికొచ్చింది, 2016 నుంచి ఉన్న లెక్కలు తుడిచింది నా చేత్తోనే. నా చేతులు చల్లబడిపోయాయి. "అన్నయ్యా, నువ్వు ఒక్క మాట అడిగుంటే" అన్నాడతను, ఇంకేం అనలేదు. ఆ మాట ఇప్పటికీ నాకు గుచ్చుకుంటూనే ఉంది.

అందుకే తుడవడం ఎలాగో, ఎప్పుడు తుడవకూడదో రెండూ కలిపి రాస్తున్నాను. షాపు నడిపేవాళ్ళకి, అకౌంట్లు రాసేవాళ్ళకి, నాలాంటి మెకానిక్‌లకి, ఇంట్లో పాత ఫోన్ అమ్ముకునేవాళ్ళకి కూడా పనికొస్తుంది. లాయర్ చెప్పేది లాయరే చెప్పాలి, కానీ ఆయన దగ్గరికి వెళ్ళేలోపే ఆధారం పోతే ఆయన మాత్రం ఏం చేస్తాడు.

ముందు, డిలీట్ అంటే నిజంగా ఏం జరుగుతుందో

ఊళ్ళో ఒక ఇంటి డోర్ నంబర్ బోర్డు పీకేశారనుకోండి, పోస్ట్‌మ్యాన్‌కి ఇల్లు దొరకదు, కానీ ఇల్లు అక్కడే ఉంటుంది. మామూలు హార్డ్ డిస్క్‌లో డిలీట్ అన్నా, షిఫ్ట్ డిలీట్ అన్నా, క్విక్ ఫార్మాట్ అన్నా జరిగేది ఇదే, ఫైల్ ఎక్కడుందో చెప్పే చీటీ పోతుంది, ఫైల్ మాత్రం దాని మీద ఇంకోటి రాసేదాకా అలాగే పడుంటుంది. రికవరీ సాఫ్ట్‌వేర్లు పనిచేసేది దీని వల్లే.

వైపింగ్ అంటే ఇల్లు కూడా పడగొట్టి చదును చెయ్యడం, అంటే ఆ చోట సున్నాలో పిచ్చి అంకెలో రాసెయ్యడం. ఎరేజర్, ఎస్‌డిలీట్, బ్లీచ్‌బిట్, డీబ్యాన్ అన్నీ ఈ పనికే. విండోస్‌లో మామూలుగా ఉండే సైఫర్ కమాండ్ కూడా ఖాళీ జాగా మీద సున్నాలు ఒకసారి, ఒకట్లు ఒకసారి, పిచ్చి అంకెలు ఒకసారి రాస్తుంది. ముప్పై ఐదు సార్లు రాస్తేగానీ పోదని ఇంకా కొందరు నమ్ముతున్నారు, అది 1996లో పీటర్ గట్‌మన్ రాసిన పేపర్ నుంచి వచ్చిన లెక్క, అప్పటి డిస్క్‌లు వేరు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2014లో ఇచ్చిన 800-88 గైడ్‌లైన్ ప్రకారం ఇప్పటి హార్డ్ డిస్క్‌కి మామూలుగా ఒక్కసారి రాస్తే చాలు.

ఎస్‌ఎస్‌డీ, అంటే చిప్‌ల మీద రాసుకునే కొత్తరకం డిస్క్, దాని సంగతి వేరు. ఇందులో ట్రిమ్ అని ఒకటుంటుంది, మీరు డిలీట్ నొక్కగానే విండోస్ డిస్క్‌కి "ఈ జాగా ఇక అక్కర్లేదు" అని చెప్పేస్తుంది, డిస్క్ తనకి ఖాళీ దొరికినప్పుడు లోపల్లోపల దాన్ని ఖాళీ చేసుకుంటుంది. కరెంటు ఇచ్చి ఊరికే వదిలేసినా సరే ఆ పని జరిగిపోతుంది. అందుకే హార్డ్ డిస్క్‌లో పొరపాటున పోయింది వారం తర్వాత కూడా దొరకొచ్చు గానీ ఎస్‌ఎస్‌డీలో గంటలో కూడా దొరక్కపోవచ్చు. ఇది గుర్తుంచుకోండి, కింద రెండుసార్లు పనికొస్తుంది.

మొదటి మెట్టు: తుడవాలా వద్దా, అడగాల్సిన ప్రశ్నలు

ఇప్పుడు నా షాపుకి ఎవరు ఏం తెచ్చినా, స్క్రూడ్రైవర్ పట్టుకోకముందే నాలుగు అడుగుతాను. ఇది మీదేనా, షాపుదా, ఆఫీసుదా? దీని గురించి గానీ ఇందులో లెక్కల గురించి గానీ ఎవరితోనైనా గొడవ ఉందా? నోటీసు, పోలీస్ కంప్లైంట్, టాక్స్ నోటీసు ఏమైనా వచ్చిందా? ఇందులో ఉన్నది ఇంకెక్కడైనా కాపీ ఉందా? అంతే, రెండు నిమిషాలు పట్టదు.

చాలామంది అనుకునేది ఏంటంటే కోర్టులో కేసు నంబర్ పడ్డాకే ఆధారాలు భద్రంగా ఉంచాలి అని. ఆ భరోసాతో ఉండకండి. భారతీయ న్యాయ సంహిత 241 సెక్షన్ ప్రకారం కోర్టు ముందుగానీ, చట్టప్రకారం విచారణ చేసే అధికారి ముందుగానీ చూపించాల్సి రాగల డాక్యుమెంట్‌ని, ఎలక్ట్రానిక్ రికార్డ్‌ని, దాన్ని ఆధారంగా వాడనివ్వకూడదని కనపడకుండా చేసినా నాశనం చేసినా మూడేళ్ళ దాకా జైలు, లేదా ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ. పాత ఐపీసీ 204లో ఇది రెండేళ్ళే, 2024 జులై 1 నుంచి కొత్త చట్టం వచ్చాక పెరిగింది. జరిగింది నేరమైతే దాని ఆధారాలు మాయం చెయ్యడానికి 238 సెక్షన్ వేరేగా ఉంది. ఇక ఆఫీసు లాప్‌టాప్‌ని ఓనర్‌కి చెప్పకుండా కోపంతో తుడిచి రాజీనామా చేసే కుర్రాళ్ళకి ఐటీ చట్టం 43, 66 సెక్షన్లు, మూడేళ్ళు లేదా ఐదు లక్షలు లేదా రెండూ. తమ్ముళ్ళూ, జీతం ఆపారని కోపం ఉంటే లేబర్ ఆఫీసుకి వెళ్ళండి గానీ డేటా మీద మాత్రం చూపించకండి.

జైలు దాకా వెళ్ళకపోయినా ఇంకో దెబ్బ ఉంది, సివిల్ కేసుల్లో అసలు దెబ్బ ఇదే. కోర్టు ఆధారాల చట్టమైన భారతీయ సాక్ష్య అధినియం 119 సెక్షన్‌లో ఒక మాట ఉంది, చూపించగలిగి కూడా చూపించని ఆధారం, చూపిస్తే నీకే వ్యతిరేకంగా ఉండేదని కోర్టు అనుకోవచ్చు. అంటే లెక్కల్లో నిజంగా తప్పేం లేకపోయినా, డిస్క్ తుడిచినందుకే తప్పున్నట్టు అవుతుంది. మా పెద్దాయన విషయంలో అదే జరిగింది, నిజానికి లెక్కల్లో ఆయన భయపడినంత ఏమీ లేదు.

గొడవ లేకపోయినా ఉంచి తీరాల్సినవి ఉన్నాయి. జీఎస్టీ లెక్కలు యాన్యువల్ రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు, అప్పీల్ ఏదైనా నడుస్తుంటే అది తేలాక ఇంకో ఏడాది అయినా ఉంచాలి, రెండిట్లో ఏది తర్వాతయితే అది. కంపెనీ అయితే ఎనిమిది ఆర్థిక సంవత్సరాలు. "బిల్లు పాతదైపోయింది కదా" అనుకునే ముందు ఈ అంకెలు చూసుకోండి.

రెండో మెట్టు: వాటంతట అవే చెరిగిపోయేవి ఆపండి

గొడవ మొదలైందని తెలిసిన రోజే చెయ్యాల్సిన పని ఇది, ఎందుకంటే మీరు ఏం చెయ్యకపోయినా డేటా పోతూనే ఉంటుంది. వాట్సాప్‌లో డిసపియరింగ్ మెసేజెస్ 24 గంటలో, 7 రోజులో, 90 రోజులో పెట్టుకుని ఉంటారు, అవతలివాళ్ళు పెట్టినా మీ ఫోన్‌లో కూడా పోతాయి, కాబట్టి సెట్టింగ్ ఆపి ఉన్నవి వెంటనే బయటికి తీసుకోండి. జీమెయిల్ ట్రాష్ 30 రోజులకి ఖాళీ అవుతుంది. విండోస్‌లో స్టోరేజ్ సెన్స్ ఆన్‌లో ఉంటే రీసైకిల్ బిన్‌ని అదే ఊడ్చేస్తుంది. చెత్త ఫైళ్ళు ఊడ్చే సీక్లీనర్‌కి షెడ్యూల్ పెట్టుంటే తియ్యండి. రోజూ అదే పెన్‌డ్రైవ్ మీద టాలీ బ్యాకప్ రాసే అలవాటుంటే, ఆ పెన్‌డ్రైవ్ ఈ రోజే పక్కన పెట్టి కొత్తది కొనండి.

అన్నిటికంటే తొందరగా పోయేది సీసీ కెమెరా ఫుటేజ్. డీవీఆర్, అంటే కెమెరా రికార్డింగ్ పెట్టె, దాని డిస్క్ నిండగానే పాతదాని మీద రాసుకుంటూ పోతుంది, కెమెరాలెన్ని, డిస్క్ ఎంత అన్నదాన్ని బట్టి కొన్నిచోట్ల వారం పది రోజులే వస్తుంది. గోడౌన్‌లో బస్తాలు పోయాయని పండగయ్యాక చూద్దాంలే అంటే ఏమీ మిగలదు. ముందు ఫుటేజ్ పెన్‌డ్రైవ్‌కి ఎక్కించండి, ఇంకా మంచిది డీవీఆర్ ఆపి ఆ డిస్క్ తీసి కొత్తది వెయ్యడం. ఎక్కించేటప్పుడు డీవీఆర్ స్క్రీన్ మీద టైమ్ పక్కన మీ ఫోన్ టైమ్ పెట్టి ఒక ఫోటో తియ్యండి. నేను చూసిన డీవీఆర్‌లలో చాలావాటికి టైమ్ సరిగ్గా ఉండదు, బ్యాటరీ పోయి ఎక్కడో వెనక్కి వెళ్ళిపోయి ఉంటుంది. ఆ ఫోటో లేకపోతే "ఆ టైమ్‌కి నేను బరంపురంలో ఉన్నాను" అని అవతలివాడు అంటే సమాధానం ఉండదు.

షాపులో పనిచేసేవాళ్ళకి కూడా చెప్పాలి, నోటితో చెప్తే సరిపోదు, గ్రూపులో పెట్టండి. నేను కస్టమర్లకి ఇచ్చేది ఇలా ఉంటుంది, కాపీ చేసుకోండి:

"అందరికీ. ఫలానా వాళ్ళతో లెక్కల విషయంలో గొడవ నడుస్తోంది. ఈ రోజు నుంచి దానికి సంబంధించిన మెసేజ్‌లు, ఫోటోలు, వాయిస్‌లు, టాలీ డేటా, బిల్లులు, మెయిళ్ళు ఎవరూ డిలీట్ చెయ్యకండి. ఫోన్ మార్చాలన్నా రీసెట్ చెయ్యాలన్నా ముందు నాకు చెప్పండి. చదివినవాళ్ళు 'చూశాను' అని పెట్టండి."

ఆ "చూశాను"లన్నీ రేపు మీకే అండ, మీ వైపు నుంచి జాగ్రత్త తీసుకున్నారని చూపించడానికి.

మూడో మెట్టు: డిస్క్‌ని ఎలా భద్రపరచాలి

అందరికీ చేతనయ్యే పద్ధతి ఒకటే, సిస్టమ్ ఆపెయ్యండి, డిస్క్ తియ్యండి, కొత్త డిస్క్ వేసుకుని వ్యాపారం నడుపుకోండి, పాతది సీల్ చెయ్యండి. లెక్కలు ఆగకూడదంటే తీసే ముందు టాలీ బ్యాకప్ మాత్రం ఒకటి తీసుకోండి. లాప్‌టాప్‌లో బిట్‌లాకర్, అంటే డిస్క్‌కి విండోస్ వేసే తాళం, ఉంటే రికవరీ కీ ముందే రాసిపెట్టుకోవాలి, లేకపోతే సీల్ చేసిన డిస్క్ ఇటుక ముక్కతో సమానం.

"ఫైళ్ళన్నీ పెన్‌డ్రైవ్‌లో కాపీ పేస్ట్ చేశాను, చాలదా" అని అడుగుతారు. చాలదు. కాపీ పేస్ట్ చేస్తే క్రియేటెడ్ తేదీ ఈ రోజుది పడుతుంది, డిలీట్ అయినవి రావు. కావలసింది ఇమేజ్, అంటే డిస్క్‌లో మొదటి సెక్టార్ నుంచి చివరిదాకా ఉన్నదున్నట్టు తీసిన అచ్చు. ఎఫ్‌టీకే ఇమేజర్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఇది చేస్తుంది. డిస్క్‌ని నేరుగా విండోస్‌కి తగిలిస్తే విండోస్ ఊరుకోదు, దాని మీద ఏదో ఒకటి రాసేస్తుంది, అందుకని మధ్యలో రైట్ బ్లాకర్, అంటే డిస్క్ మీద ఏమీ రాయనివ్వని పరికరం, పెట్టాలి. అది లేనివాళ్ళు ఈ ప్రయోగం చెయ్యకండి, డిస్క్ సీల్ చేసి వదిలెయ్యడమే మేలు. ఎస్‌ఎస్‌డీ అయితే రైట్ బ్లాకర్ ఉన్నా కరెంటు ఇచ్చినంతసేపూ లోపల ట్రిమ్ తాలూకు ఊడ్పు జరగొచ్చని పైన చెప్పాను కదా, కాబట్టి ఊరికే ఆన్ చేసి చూడొద్దు.

తర్వాత హ్యాష్. పేరు భయపెట్టేలా ఉంటుంది గానీ ఇది ఫైల్‌కి వేలిముద్ర లాంటిది. కమాండ్ ప్రాంప్ట్‌లో సర్ట్‌యుటిల్ (certutil), స్పేస్, హైఫన్ పెట్టి హ్యాష్‌ఫైల్ (-hashfile), స్పేస్, ఫైల్ పేరు, స్పేస్, చివర షా256 (SHA256) అని కొట్టండి, 64 అక్షరాల వరస ఒకటి వస్తుంది. ఫైల్‌లో ఒక్క కామా మార్చి మళ్ళీ చెయ్యండి, మొత్తం వరసే మారిపోతుంది. షాపుకొచ్చిన పిల్లలకి ఇది చేసి చూపిస్తే కళ్ళు పెద్దవి చేసుకుని చూస్తారు. ఆ వరసని కాగితం మీద ప్రింట్ తీసి తేదీ వేసి సంతకం పెట్టండి. రెండేళ్ళ తర్వాత కోర్టులో "మధ్యలో మార్చారు" అంటే ఆ కాగితమే మాట్లాడుతుంది.

ఇది నా సొంత పద్ధతి అనుకోకండి. సాక్ష్య అధినియం 63 సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రికార్డ్‌తో పాటు ఇవ్వాల్సిన సర్టిఫికెట్‌లో హ్యాష్ విలువ రాసే జాగా ఉంది. సర్టిఫికెట్ రెండు భాగాలు, ఏ పార్టు రికార్డ్ ఇచ్చే పార్టీ నింపాలి, బీ పార్టు ఎక్స్‌పర్ట్ నింపాలి. పాత చట్టంలో 65బీ అనేవాళ్ళు కదా, అదే. ఈ సర్టిఫికెట్ ఎంత ముఖ్యమో 2020లో సుప్రీంకోర్టు అర్జున్ పండిత్‌రావ్ ఖోట్కర్ కేసులో తేల్చింది. మహారాష్ట్ర జాల్నా అసెంబ్లీ ఎన్నికల గొడవ అది, నామినేషన్ టైమ్‌కి వేశారా లేదా అన్నది రిటర్నింగ్ ఆఫీసర్ ఆఫీసులో తీసిన వీడియోల మీద నడిచింది. కాపీ ఇస్తే సర్టిఫికెట్ ఉండి తీరాలి, అసలు పరికరాన్నే దాని ఓనర్ కోర్టుకి తెచ్చి చూపిస్తే అక్కర్లేదు అని చెప్పారు. దీని నుంచి మనం తీసుకోవాల్సింది ఏంటంటే, గొడవ తాలూకు మెసేజ్‌లున్న ఫోన్‌ని ఎక్స్‌ఛేంజ్ ఆఫర్‌లో ఇచ్చెయ్యకండి. డిస్‌ప్లే పగిలినా సరే, బీరువాలో పెట్టండి.

వాట్సాప్ గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, మన దగ్గర వ్యాపారమంతా దాని మీదే. స్క్రీన్‌షాట్ ఒక్కటే నమ్ముకోవద్దు, పేరు మార్చి ఎవరైనా తయారుచెయ్యొచ్చు. చాట్ తెరిచి మూడు చుక్కల్లో ఎక్స్‌పోర్ట్ చాట్ నొక్కి మీడియాతో ఒకసారి, మీడియా లేకుండా ఒకసారి మీ మెయిల్‌కే పంపుకోండి, ఆ ఫైళ్ళకి కూడా హ్యాష్ తియ్యండి. మీడియాతో తీస్తే పాత మెసేజ్‌లన్నీ రావు, అందుకే రెండుసార్లు. వాయిస్ మెసేజ్‌ల అసలు ఫైళ్ళు ఉంచండి.

ఇక్కడ సరిహద్దు మనుషులకి ఒక ప్రత్యేకమైన తిప్పలు ఉంది. మన వాయిస్‌లన్నీ తెలుగు, మధ్యలో ఒడియా మాటలు, ఇక్కడ కింది కోర్టుల్లో నడిచేది ఒడియా, ఇంగ్లీషు. అనువాదం చేయించాలి, దానికి ముందు తెలుగులో రాయించాలి. రాసేటప్పుడు మాటని బాగుచెయ్యకండి. "ఆ డబ్బులు నానిచ్చీసినాను గదేటి" అన్నాడంటే అలాగే రాయాలి, "నేను ఇచ్చేశాను" అని పుస్తకం భాషలోకి మారిస్తే ఆ మాటలోని విసురు, అది ప్రశ్నా ఒప్పుకోలా అన్నది పోతుంది, దాని మీదే కేసు తిరగొచ్చు. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మాది, జనం మాట్లాడేదే భాష అని ఆయన పోరాడింది ఇక్కడి నుంచే, ఆ మాటకి కోర్టు కాగితాల్లో కూడా విలువ ఉండాలనే నా కోరిక.

నాలుగో మెట్టు: చేతులు మారినప్పుడల్లా రాయండి

డిస్క్‌ని యాంటీ స్టాటిక్ కవర్‌లో వేసి, దాన్ని ఖాకీ కవర్‌లో పెట్టి, మూత మీద టేపు వేసి టేపు మీదుగా సంతకం సగం టేపు మీద సగం కాగితం మీద పడేలా పెట్టండి. కవర్ మీద డిస్క్ కంపెనీ, సైజు, సీరియల్ నంబర్, ఎక్కడి నుంచి తీశారు, ఎవరు తీశారు, తేదీ, టైమ్. వీలైతే అవతలి పార్టీ మనిషిని కూడా పిలిచి సంతకం పెట్టించండి, కుదిరితే ఇంతకంటే గట్టి పని లేదు.

మన దగ్గర రికవరీకి చాలామంది విశాఖ పంపుతారు. పంపేటప్పుడు కొరియర్‌లో వెయ్యకండి, మనిషే తీసుకెళ్ళాలి, ఏ తేదీన ఎవరు తీసుకెళ్ళారు, అక్కడ ఎవరు తీసుకున్నారు, సీల్ ఎవరి ముందు తెరిచారు అన్నీ ఒక కాగితం మీద వరసగా ఉండాలి. ఆ వరసలో ఒక్కరోజు ఖాళీ ఉన్నా దాన్నే పట్టుకుంటారు.

పోలీసులు తీసుకెళ్తే సీజర్ లిస్ట్, అంటే వాళ్ళు తీసుకెళ్ళిన వస్తువుల జాబితా, కాపీ అడగండి, అందులో సీరియల్ నంబర్ ఉందో లేదో అక్కడే చూసుకోండి, పోలీసుల దర్యాప్తు పద్ధతి చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 105 సెక్షన్ ప్రకారం సోదా, సీజ్ వీడియో తియ్యాలి కూడా. ఇంకొకటి, "అది ఆంధ్రాలో జరిగింది, మాకు రాదు" అని ఇటూ, "మీరు ఒడిశావాళ్ళు" అని అటూ తిప్పితే జీరో ఎఫ్‌ఐఆర్, అంటే ఏ స్టేషన్‌లోనైనా ఇవ్వగల కంప్లైంట్, అడగండి, అదే చట్టం 173 సెక్షన్‌లో నేరం ఎక్కడ జరిగినా సమాచారం తీసుకోవాలని ఉంది. డబ్బు ఆన్‌లైన్‌లో పోయిన కేసయితే ఇవన్నీ చూసుకోకుండా ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి.

ఇక దాచే చోటు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను గజపతి జిల్లాని ఏం చేసిందో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు, ఇళ్ళే పోయాయి, బీరువాలో కాగితాలెంత. కాబట్టి అసలు డిస్క్ ఒకచోట, ఇమేజ్ ఇంకో ఊళ్ళో. వర్షాకాలం చెమ్మకి సిలికా జెల్ పొట్లాలు వెయ్యండి. ఇమేజ్‌ని ఏళ్ళ తరబడి ఉంచాలంటే హార్డ్ డిస్క్ మీద పెట్టండి, ఎస్‌ఎస్‌డీ, పెన్‌డ్రైవ్ కరెంటు లేకుండా చాలాకాలం ఉంటే లోపలిది నెమ్మదిగా పాడవ్వచ్చు.

ఐదో మెట్టు: గొడవేం లేదు, నిజంగా తుడవాలి

ఇది కూడా అంతే ముఖ్యం, తక్కువ చేసి చెప్పడంలేదు. సెకండ్ హ్యాండ్‌కి వచ్చిన లాప్‌టాప్‌లలో ఆడపిల్లల ఫోటోలు, ఆధార్ స్కాన్‌లు, బ్యాంకు పాస్‌వర్డ్‌లు రాసుకున్న నోట్‌ప్యాడ్‌లు ఎన్నో చూశాను, తుడవకుండా అమ్మడం ఇంటి తాళం ఇచ్చి అమ్మడమే.

హార్డ్ డిస్క్‌కి విండోస్‌లోని డిస్క్‌పార్ట్ (diskpart) కమాండ్‌లో క్లీన్ ఆల్ (clean all) చాలు, ప్రతి సెక్టార్ మీద సున్నా రాస్తుంది. ఉత్త క్లీన్ అంటే పైపైన మాత్రమే. డిస్క్ నంబర్ మూడుసార్లు చూసుకోండి, పక్క డిస్క్ పోతే తిరిగి రాదు. ఎస్‌ఎస్‌డీకి ఇలా మీద రాసే పద్ధతి నమ్మకం కాదు, లోపల దాచుకున్న జాగాలు కొన్ని మనకి అందవు, దాని కంపెనీ టూల్‌లో గానీ బయోస్‌లో గానీ సెక్యూర్ ఎరేజ్, శానిటైజ్ అని ఉంటుంది, అది వాడండి. ఫోన్ అయితే ముందు గూగుల్ అకౌంట్ తీసేసి తర్వాత ఫ్యాక్టరీ రీసెట్, ఇప్పటి ఫోన్లలో డేటా అంతా తాళం వేసే ఉంటుంది కాబట్టి రీసెట్‌తో తాళంచెవి పోతుంది, చాలు. పెన్‌డ్రైవ్‌లు, మెమరీ కార్డులు ముఖ్యమైనవి ఉంటే ముక్కలు చెయ్యడమే. పెద్ద జిరాక్స్ మిషన్లలో కూడా హార్డ్ డిస్క్ ఉండొచ్చు, అమ్మేముందు దాన్ని అడిగేవాళ్ళే లేరు.

నెట్ సెంటర్ నడిపేవాళ్ళు జనం ఆధార్‌లు, మార్కుల లిస్టులు ప్రతిరోజూ రాత్రి తుడిచే పద్ధతి పెట్టుకోండి, గోడ మీద కాగితం కూడా అంటించండి. ముందు నుంచీ ఒక పద్ధతి ప్రకారం చెరపడం వేరు, నోటీసు వచ్చిన రాత్రి చెరపడం వేరు. కానీ ఆ పద్ధతి కూడా గొడవ మొదలయ్యాక దానికి సంబంధించిన ఫైళ్ళ వరకు ఆపాల్సిందే.

"తుడిచేస్తే ఎవరికి తెలుస్తుంది" అనే వాళ్ళ కోసం

తెలుస్తుంది. సాఫ్ట్‌వేర్ నడిచిన గుర్తు విండోస్ ప్రీఫెచ్ ఫోల్డర్‌లో పడుతుంది, ఏ తేదీన ఎన్నిసార్లు నడిచిందో కూడా. సెక్యూరిటీ లాగ్ ఖాళీ చేస్తే, ఖాళీ చేశారన్న సంగతే 1102 నంబర్‌తో కొత్త ఎంట్రీగా పడుతుంది. ఎస్‌డిలీట్ ఫైల్ పేరు కూడా కనపడకుండా చెయ్యాలని ఆ పేరుని ఏ ఏ ఏ నుంచి జెడ్ జెడ్ జెడ్ దాకా 26 సార్లు మారుస్తుంది, ఆ మార్పుల వరస డిస్క్ జర్నల్‌లో, అంటే ఫైళ్ళ మార్పులన్నీ డిస్క్ రాసుకునే చిట్టాలో, దొరికితే అది చేసినవాడి సంతకంలాంటిదే. అమెరికాలో లియాన్ అనే ఆయన తను పనిచేసే కంపెనీ మీద వేసిన కేసు నడుస్తుండగా కంపెనీ లాప్‌టాప్‌లో 2,200కి పైగా ఫైళ్ళు తీసేసి, ఖాళీ జాగా తుడిచే ప్రోగ్రామ్ కూడా నడిపాడు. సొంత విషయాలని చెప్పుకున్నాడు, కోర్టు అతని కేసే కొట్టేసింది, 2006లో అప్పీల్ కోర్టు కూడా అదే సరి అంది. సొంత ఫోటోలే అయినా కేసు మధ్యలో తుడిచే హక్కు మనకి మనం ఇచ్చుకోకూడదు, లాయర్‌కి చెప్పి వాటిని విడిగా ఉంచే దారి చూడాలి.

ఆరో మెట్టు: పొరపాటున తుడిచేశాక

వెంటనే ఆపండి, ఇంకేం ఇన్‌స్టాల్ చెయ్యకండి, ఎస్‌ఎస్‌డీ అయితే కరెంటు తీసెయ్యండి. జరిగింది జరిగినట్టు ఆ రోజే రాసి లాయర్‌కి ఇవ్వండి. కప్పిపుచ్చడానికి తేదీలు మార్చి కొత్త ఫైళ్ళు తయారుచెయ్యకండి, అది ఇంకో నేరం.

తర్వాత అదే సమాచారం ఇంకెక్కడుందో వెతకండి. మా పెద్దాయన కేసులో నేనూ ఆ బావమరిదీ కూర్చుని ఇదే చేశాం. డిస్క్ నుంచి ఒక్క ఫైల్ రాలేదు. కానీ సరుకు రాష్ట్రం దాటింది కాబట్టి యాభై వేలు దాటిన లోడ్లకి ఈ-వే బిల్లులు (సరుకు రవాణాకి ఆన్‌లైన్‌లో తీసేవి) ఉన్నాయి, జీఎస్టీ పోర్టల్‌లో రిటర్న్‌లు ఉన్నాయి, బ్యాంకు స్టేట్‌మెంట్లు ఉన్నాయి, ఆడిటర్ గారి మెయిల్‌లో మూడేళ్ళ టాలీ బ్యాకప్‌లు దొరికాయి, పలాసలో సరుకు కొన్న వ్యాపారి తన ఖాతా పుస్తకం తెరిచి మాకు కావలసిన పేజీలన్నీ ఓపిగ్గా ఫోటోలు తియ్యనిచ్చాడు. చిల్లర అమ్మకాలు, కూలీల లెక్కలు మాత్రం దొరకలేదు, వాటికి వేరే కాపీ లేదు. నేనేం చేశానో, ఎప్పుడు చేశానో రాసి సంతకం పెట్టి ఇచ్చాను. పెద్దాయన కొన్నాళ్ళు నాతో మాట్లాడలేదు, ఇప్పుడు మాట్లాడతారు.

ఏడో మెట్టు: ఎప్పుడు వదిలెయ్యొచ్చు

తీర్పు వచ్చిన రోజే కాదు, అప్పీల్ గడువు కూడా దాటాలి, లాయర్ "ఇక అక్కర్లేదు" అని మెసేజ్‌లోనైనా రాసివ్వాలి, టాక్స్ లెక్కల గడువు కూడా విడిగా చూసుకోవాలి. అప్పుడు సీల్ తెరిచి, ఐదో మెట్టులో చెప్పినట్టు తుడిచి, తుడిచినట్టు రాసుకోండి. నా రిజిస్టర్‌లో ఇప్పుడు ఒక్కో పనికి ఆరు గడులు, తెచ్చినవాళ్ళ పేరు, పరికరం ఎవరిది, డిస్క్ సీరియల్ నంబర్, గొడవ గానీ నోటీసు గానీ ఉందా అన్నదానికి వాళ్ళ చేత్తో రాసిన జవాబు, ఏ పద్ధతిలో తుడిచాను, సంతకం. పేజీ పైన తెలుగులోనూ ఒడియాలోనూ అచ్చు వేయించాను. నాలుగో గడి ఖాళీగా వదిలేసి వెళ్ళినవాళ్ళ సిస్టమ్ ఆ పక్క బల్ల మీద అలాగే పెడతాను, వాళ్ళు మళ్ళీ వచ్చి రాసేదాకా ముట్టుకోను.